ఒంటికాలి పరీక్ష

రోజు 41

ఇది ఆటుపోట్ల పట్టిక పుస్తకం. పోయినేడాది లెక్కలతో ఒకవైపు నిండిపోయింది. వెనకవైపు ఖాళీగా ఉంటే అక్కడ రాస్తున్నాను. వైద్యం తాలూకు సంగతులన్నీ పెట్టెకే చెప్పాలని నియమం. కానీ పెట్టెలో నూట ఆరు జబ్బుల జాబితా ఉంటుంది. అందులో ఒకదాన్ని వేలితో నొక్కాలి తప్ప మన మాటల్లో ఏమీ చెప్పడానికి వీల్లేదు. ఈ మధ్య నేను చూస్తున్నవి ఆ జాబితాలో లేవు.

నా పేరు పైడితల్లి. పోటు నీటిని ఆపే సముద్రపు గోడ మీద ఏడో బురుజుకి వైద్య హవల్దారుని. కెప్టెన్ మేడం కాక ముప్పై ఎనిమిది మందిమి, అందరం ఆడవాళ్ళమే. డాక్టరు లేడు. ఆ పని పెట్టె చేస్తుంది. దాని ముందు నిలబడి అరచెయ్యి ఆనిస్తే ఒళ్ళంతా చూసి ఒక దీపం వెలిగిస్తుంది. పచ్చదీపం వెలిగితే పనికి పోవాలి. పసుపు వెలిగితే మందు వేసుకుని పనికి పోవాలి. ఎరుపు వెలిగితేనే ఒడ్డు నుంచి పడవ వస్తుంది. నేను వచ్చి నలభై ఒక్క రోజులైంది, ఎరుపు ఎలా ఉంటుందో ఇంకా చూడలేదు.

ఇవాళ ఉదయం కూడా డ్యూటీ ఎక్కేవాళ్ళకి అడ్డంగా నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఒక్కరూ తాగరు, తొడుగు వల్ల. ఉప్పునీరు లోపలికి రాకుండా పది గంటలపాటు వేసుకునే తొడుగు అది. మగవాళ్ళ తొడుగులో మూత్రానికి గొట్టం ఉంటుంది. మాకు ఇచ్చిందీ అదే తొడుగు, గొట్టం తీసేసి కుట్టేశారు. విప్పాలంటే ఇంకో మనిషి సాయం, పావుగంట సమయం కావాలి. గోడ మీద కాపలాలో అది కుదరదు. అందుకని నీళ్ళు తాగడం మానేశారు. ఈ వారం ఆరుగురికి మూత్రంలో మంట, ఇద్దరికి చలిజ్వరం.

"తాగవే తల్లీ, రెండు గుటకలు," అని బతిమాలాను ఓబుళమ్మని.

"అక్కా, నువ్వు పైకొచ్చి విప్పతానంటే బిందెడు తాగుతా," అని నవ్వి, గ్లాసు నా చేతిలోనే ఉంచేసి మెట్లెక్కింది.

రోజు 49

లిఫ్టు మరని ఉప్పు గాలి తినేసి మూడు నెలలైంది. పైనున్న ఫిరంగికి కరెంటు దిమ్మలు మనుషులే మోయాలి. దిమ్మ ముప్పై ఆరు కిలోలు. మెట్లు రెండు వందల పన్నెండు. దీవుల వాళ్ళ పడవలు గోడ పేల్చడానికి ఎప్పుడొస్తాయో తెలియదు కనుక పైన దిమ్మలు తగ్గడానికి లేదు. వాడకపోయినా వాటిలో కరెంటు ఒక్కరోజులో దిగిపోతుంది, మళ్ళీ కొత్తవి ఎక్కించాలి. ఒక్కొక్కరూ రోజుకి ఎనిమిది సార్లు ఎక్కి దిగుతారు. ఓబుళమ్మ ఒక్కతే పన్నెండు సార్లు. ఇరవై మూడేళ్ళ పిల్ల, ఉప్పుమడుల్లో పెరిగింది. దిమ్మ భుజాన వేసుకుని కెప్టెన్ మేడం గొంతు అనుకరిస్తూ, వెనకవాళ్ళకి ఆర్డర్లు వేస్తూ ఎక్కుతుంది. కింద ఉన్న నాకు ఆ నవ్వులు వినపడుతుంటాయి.

ఇవాళ దిగేటప్పుడు కుడికాలు ఈడ్చింది.

"ఏటే, కాలీడుస్తన్నావు?"

"ఏం ల్యాదక్కా. వంకరగా పనుకొన్నట్టుండా."

"ఎన్నాళ్ళ నుంచి?"

అటూ ఇటూ చూసింది. "మూడు వారాలాయ. తొడ లోపల, అడుగున. బరువెత్తినప్పుడే. కూచుంటే ఏమీ ల్యాదు."

పెట్టె ముందు నిలబెట్టాను. తొడ కండరం పట్టేసిందని చెప్పి పసుపుదీపం వెలిగించి రెండు మాత్రలు వదిలింది. ఆమె వాటిని నీళ్ళు లేకుండానే మింగి పనికి పోయింది.

రోజు 56

రాజవ్వ వచ్చింది. బొగ్గుగనుల వైపు మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. ముప్పై దాటిన వాళ్ళు ఇక్కడ తక్కువ. ఆమె ఏ నొప్పీ చెప్పుకునే రకం కాదు.

"గజ్జల్ల సూదులు గుచ్చినట్టు అయితుంది అక్కా. దిమ్మ ఎత్తితెనే. కూసుంటే మంచిగనే ఉంటది."

ఓబుళమ్మ చెప్పిన మాటలే. పెట్టె కూడా అదే మాట చెప్పింది, కండరం పట్టేసిందని.

నాకు పని నేర్పింది సత్యవేదమ్మ గారని, పెట్టెలు రాకముందు నర్సుగా చేసిన మనిషి. బరువులు మోసేవాళ్ళకి గజ్జల్లో నొప్పి వస్తే ఒంటికాలి మీద మూడుసార్లు గెంతమని చెప్పేది. కండరం నొప్పయితే మూలుగుతూనైనా గెంతుతారు. ఎముక చిట్లితే గెంతలేరు, భయంతో కాలే లేవదు.

రాజవ్వని గెంతమన్నాను. ఒకసారి గెంతి గోడ పట్టుకుంది. ఓబుళమ్మని పిలిచి గెంతమన్నాను. ఎడమకాలి మీద మూడు గెంతులు చకచకా గెంతింది. కుడికాలి మీద నిలబడి, నన్ను చూసి, నవ్వబోయి, ఆగిపోయింది. పై పెదవి మీద చెమట పట్టింది.

"నాకు గెంతులాటలు సిన్నప్పుడు గూడా రావు ల్యే," అంది.

రోజు 58

పెట్టెలు బాగుచేసే ఇంజనీరుతో వారానికోసారి వైర్‌లెస్‌లో మాట్లాడే వీలుంది. ఒడ్డున ఉంటాడు. మర్యాద గల కుర్రవాడు.

"బాబూ, పెట్టె మా ఎముకలు బాగున్నాయని దేంతో పోల్చి చెప్తంది?" అని అడిగాను.

"ప్రమాణ దేహం అని ఒకటుందండి. దాంతో పోలుస్తుంది."

"ఎవరిదా దేహం?"

"ఒకరిదని కాదండి. రెండు వేల మంది సైనికుల్ని కొలిచి తీసిన సగటు."

"అందులో ఆడవాళ్ళెంతమంది?"

"అప్పటికి దళంలో ఆడవాళ్ళు లేరు కదండీ," అన్నాడు.

"మరి మమ్మల్నెలా చూస్తది?"

"బరువుని బట్టి తగ్గించుకుంటుందండి. అంటే, కొంచెం చిన్న మగవాడు అనుకుంటుంది."

గింజ సంగతి అడిగాను. దళంలో చేరిన రోజునే మా అందరికీ భుజం లోపలివైపు చర్మం కింద బియ్యపుగింజంత మందు పెడతారు. నెలసరి రాకుండా ఆపేస్తుంది. మూడేళ్ళకోసారి మారుస్తారు. గోడ మీద గుడ్డలూ నీళ్ళూ మరుగూ లేనిచోట అది వరమే, కాదనను. నాకు పెట్టినప్పుడు సంతోషించాను. కానీ నెలసరి ఆగిపోయిన ముసలివాళ్ళకి ఎముకలు గుల్లబారడం మా అమ్మలో చూశాను. ఇరవై ఏళ్ళ పిల్లకి ఆపేస్తే మాత్రం ఏమీ కాదా?

"గింజ ఉన్నట్టు పెట్టెకి తెలుసా బాబూ?"

"తెలియదండి. అది మందుల కింద రాదు, సామగ్రి కింద వస్తుంది. బెల్టు, బూట్లలాగా. సామగ్రి జాబితా పెట్టెకి ఇవ్వరు."

రోజు 60

రెండు రోజులుగా అందర్నీ ఒక్కొక్కరిగా మందులగదికి పిలిచి గెంతించాను. గింజ పెట్టించుకుని ఏడాది కానివాళ్ళు అందరూ గెంతారు. రెండో ఏడాది వాళ్ళలో నలుగురు గెంతలేకపోయారు. మూడో ఏడాది, ఆపైన ఉన్నవాళ్ళలో పదిమంది.

అందరూ అయిపోయాక తలుపు వేసుకుని నేనూ గెంతాను. నాకిది ఐదో ఏడు. నేను బరువులు మొయ్యను కదా అనుకుంటూ గెంతాను. రెండో గెంతుకి నొప్పితో కళ్ళు బైర్లు కమ్మాయి.

పదిహేను మందిమి.

రోజు 61

కెప్టెన్ మెహరున్నీసా మేడం దగ్గరికి పేర్లు రాసిన కాగితం తీసుకెళ్ళాను. ఆవిడ చివరిదాకా చదివి, మడిచి, నాకే తిరిగి ఇచ్చేసింది.

"కూర్చో పైడితల్లీ. గోడ మీదికి వచ్చిన మొదటి ఆడబ్యాచిలో ఎంతమందిమో తెలుసా? తొమ్మిది మంది. అందులో ఒక పిల్ల ఎండకి కళ్ళు తిరిగి పడింది. ఒక్క పిల్ల. తొమ్మిది మందినీ దించేశారు. మళ్ళీ ఎక్కడానికి నాకు రెండేళ్ళు పట్టింది."

"ఇది కళ్ళు తిరగడం కాదు మేడం. ఎముకలు చిట్లుతున్నాయి."

"పెట్టె చెప్పిందా?"

"పెట్టెకి తెలీదు మేడం."

"మరి నేనెవరికి చెప్పాలి? ఆడవాళ్ళ ఎముకలకి గోడ పనికిరాదని నా చేత్తో నేనే రాసి పంపాలా? వాళ్ళు గింజ మారుస్తారనుకుంటున్నావా, తొడుగు మారుస్తారనుకుంటున్నావా? మనల్ని మారుస్తారు."

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు.

చివరికి ఒక మధ్యేమార్గం దొరికింది. కాగితం పంపం. పద్నాలుగు మందినీ చప్పుడు లేకుండా మోత నుంచి తప్పించి దూరదర్శిని దగ్గర కూర్చోబెడతాం. లిఫ్టు మర ఇంకో రెండు వారాల్లో వస్తుందట. అప్పటిదాకా మిగతావాళ్ళు మోస్తారు.

రోజు 62

ఓబుళమ్మ ఎలాగో కనిపెట్టింది. మధ్యాహ్నం అన్నాల వేళ మందులగదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"అక్కా, నా పేరు రాసినావంట."

"రాశాను. ఎక్కడికీ పంపలేదు."

"పంపొద్దక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా."

గోడ మీద మూడేళ్ళు పనిచేసిన మనిషి కుటుంబానికి మెరక చీటీ శాశ్వతం చేస్తారు. అంటే నీళ్ళు రాని ఎత్తు నేల మీద గది. మూడేళ్ళు నిండకుండా పనికిరాదని దిగిపోతే చీటీ రద్దు, కుటుంబం మళ్ళీ పల్లంలోకి పోవాలి. ఓబుళమ్మకి ఇంకా ఐదు నెలలుంది.

"మా నాయన పల్లంలోనే పోయినాడక్కా. నీల్లొచ్చినప్పుడు. మాయమ్మా చెల్లెలూ ఇప్పుడు మూడో అంతస్తులో ఉండారు. మాయమ్మ మొదటి వారం నిద్రే పోలేదంట, నీళ్ళ సప్పుడు ల్యాకుండా నిద్ర రాదంట. ఇప్పుడిప్పుడే పోతాంది. ఐదు నెల్లు. కాలు ఇరిగినా సరే, ఐదు నెల్లు ఈడుస్తా."

"ఇరిగితే ఈడ్చడానికి ఉండదే పిచ్చిదానా."

"నువ్వు పంపాకు. అంతే."

పంపనని మాటిచ్చాను. ఇక్కడ ఆ సంగతి దాచను. పేరు ఆమెది, ఎముక ఆమెది, కానీ వైద్యం నాది. నేను మాటిచ్చాను.

రోజు 66

తప్పించిన పద్నాలుగు మందిలో ఓబుళమ్మ రెండు రోజులు కూర్చుంది. మూడో రోజుకి మిగతావాళ్ళు రోజుకి పదమూడు సార్లు ఎక్కుతున్నారని చూసి తనే దిమ్మ ఎత్తుకుంది. చేయి పట్టుకుని ఆపాను.

"ఆ సిన్నపిల్ల భాగ్యలచ్చిమి సూడక్కా, వచ్చి నెల గూడా కాల్యా. మెట్ల మీద కూచోని ఏడుస్తాంది. నేను పైన కుర్చీలో కూచోని సముద్రం సూడాల్నా?"

మేడంతో చెప్పాను. రోజుకి నాలుగుసార్లకి మించి ఎక్కకూడదని మేడం ఆర్డరు వేసింది. ఓబుళమ్మ ఆ ఆర్డరుని మేడం గొంతుతోనే అందరికీ వినిపించింది. మేడం వినీ విననట్టు వెళ్ళిపోయింది.

రోజు 69

తెల్లారాక ఎనిమిది గంటలకి దీవుల పడవలు వచ్చాయి. ఇరవైకి పైగా. ఫిరంగి ఆపకుండా పనిచేస్తే నిమిషానికి ఒక దిమ్మ తినేస్తుంది. ఎవరు మొయ్యాలి, ఎవరు మొయ్యకూడదు అనే మాట ఎవరికీ గుర్తులేదు. నేనూ మోశాను.

పదకొండు గంటలప్పుడు ఓబుళమ్మ నాకు నాలుగు మెట్లు పైన ఉంది. నూట నలభయ్యో మెట్టు దగ్గర వంపు ఉంటుంది. ఆ మెట్టు మీద కుడికాలు మోపింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది. ఆ తరవాతే పడింది. మెట్టు తడిగా లేదు. ఆమె జారలేదు. కాలు విరిగాక పడింది. నా కళ్ళతో చూశాను.

పడుతూ కూడా దిమ్మని గోడవైపు తోసింది, వెనకున్న నా మీద పడకుండా.

పడవలు మధ్యాహ్నం వెనక్కి పోయాయి. గోడ నిలిచింది.

రోజు 70

తొడ ఎముక మధ్యలో విరిగింది. నేనూ రాజవ్వా కలిసి లాగి బద్దలు కట్టాం. పెట్టె పసుపు వెలిగించింది. పైకి గాయం లేదు, నాడి బాగుంది, ఆరోగ్యవంతుడైన సైనికుడు ఐదు రోజులు ఆగగలడు, సముద్రం నెమ్మదించాక పడవ వస్తుంది అని. 'సైనికుడు' అనే రాస్తుంది అది.

పెట్టె కాదన్న దానికి పడవ పిలిచే అధికారం నాకు లేదు, కెప్టెన్‌కి ఉంది. మేడం పిలిచింది. ఒడ్డు నుంచి "పెట్టె పసుపు చూపిస్తోంది కదా" అన్నారు. మేడం అరిచింది. ఆవిడ అరవగా నేను వినడం అదే మొదలు. ఎల్లుండి పొద్దున పంపుతామన్నారు.

ఓబుళమ్మకి నొప్పి తగ్గే సూది ఇచ్చాను. "అక్కా, ఇది డ్యూటీలో దెబ్బే కదా? చీటీ పోదు కదా?" అని నాలుగుసార్లు అడిగింది. పోదని చెప్పాను. "అయితే మంచిదే ఆయ," అంది.

సాయంత్రం భాగ్యలచ్చిమి వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఉల్లిపాయ నంజుకుని సంకటి తిన్నారు.

రోజు 72

పొద్దున ఏడింటికి ఊపిరి ఆడటం లేదంది. మెడ మీదా రొమ్ము మీదా ఎర్రటి చిన్న చుక్కలు. కనురెప్ప తీసి చూస్తే లోపలా ఉన్నాయి. విరిగిన ఎముకలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇలా అవుతుందని సత్యవేదమ్మ గారు చెప్పగా విన్నాను. ఎప్పుడూ చూడలేదు. గాలి గొట్టం పెట్టాను. చెయ్యగలిగింది అంతకన్నా లేదు.

పెట్టె ఎర్రదీపం వెలిగించింది. పడవ బయలుదేరిందన్నారు. మూడు గంటల దారి.

తొమ్మిదింటికి మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది. నన్ను వాళ్ళమ్మ అనుకుంది.

"మా, నీల్లొస్తాండాయి. సామాన్లు పైన పెట్టు. సెల్లెల్ని ఎత్తుకో."

"పెట్టేశానే. ఎత్తుకున్నాను," అన్నాను.

"నాయన్ని పిల్సు."

"పిలిచానే తల్లీ. వస్తన్నాడు."

పదిన్నరకి పోయింది. పడవ పదకొండుకి వచ్చింది.

రోజు 73

పెట్టె మరణ పత్రం ముద్రించింది. కారణం: మెట్లపై జారిపడటం. కింద కెప్టెన్ సంతకానికి గీత.

మేడం దాన్ని పట్టుకుని మందులగదికి వచ్చింది. తలుపు వేసింది. బూట్లు విప్పింది.

"ఆ పరీక్ష నాకు పెట్టు," అంది.

"మేడం..."

"పెట్టమన్నాను కదా."

ఒంటికాలి మీద నిలబడింది. గెంతలేకపోయింది. నా భుజం పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"ఆరేళ్ళుగా మాత్రలు మింగుతున్నాను. నాకొక్కదానికే అనుకున్నాను. నేనే గట్టిదాన్ని కాదనుకున్నాను." బూటు చేతిలోకి తీసుకుని, "నువ్వు కాగితం తెచ్చిన రోజున నాకు తెలుసు పైడితల్లీ. తెలిసే మడిచిచ్చాను," అంది.

నాకూ తెలుసని చెప్పాను. మాటిచ్చిన సంగతీ చెప్పాను. ఇద్దరిలో ఎవరం ఎవర్నీ ఓదార్చలేదు.

పత్రం మీద ఆవిడ సంతకం చెయ్యలేదు.

రోజు 75

మేడం అందర్నీ కింది హాల్లో కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. కాగితం పంపితే అందులో పేరున్నవాళ్ళని దించేస్తారు. మెరక చీటీలు పోవచ్చు. పంపకపోతే ఇంకొకరు మెట్ల మీద విరుగుతారు. ఎవరి పేరు వాళ్ళే చెప్పాలి, తను ఆర్డరు వెయ్యదు.

అందరికన్నా ముందు రాజవ్వ లేచింది.

"రాయి అక్కా. ఓబుళి తర్వాత నాదే రాయి. నా పిల్లలు పల్లంల ఉంటే ఈత నేర్చుకుంటరు. నేను పోతే వాళ్ళకు ఏం నేర్పుత?"

ఒకరి తరవాత ఒకరు చెప్పారు. జాబితాలో ఉన్న సుభాషిణి మాత్రం నా దగ్గరికి వచ్చి, ముఖం చూడకుండా, "నాది వద్దండీ. మా నాన్న మంచం మీద ఉన్నాడు, మళ్ళీ పల్లంలోకి దింపలేను," అంది. సరేనన్నాను. ఆమెని ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఓబుళమ్మది, సుభాషిణి పోను పన్నెండు మందివి, నాది, మేడంది. మొత్తం పదిహేను పేర్లు. గింజ ఎన్నేళ్ళుగా ఉంది, నొప్పి ఎక్కడ, ఎన్ని గెంతులు, అన్నీ రాశాను. సంతకం లేని మరణ పత్రం దానికి జతచేసి మేడం పడవలో పంపింది.

రోజు 99

ఒడ్డున రాస్తున్నాను. పద్నాలుగు మందినీ దించేశారు. ఇక్కడి ఆస్పత్రిలో ఎముకల ఫోటోలు తీశారు. పదకొండు మందికి చిట్లాయి. రాజవ్వకి రెండుచోట్ల. ఫోటోలు చూపించిన డాక్టరమ్మ చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంది.

మమ్మల్ని దించిన పడవలోనే మా చోటుకి మగసైనికులు ఎక్కారు. లిఫ్టు మర కూడా అందులోనే వచ్చింది.

ఆదేశం చదివి వినిపించారు. ఆడవాళ్ళకి వేరే ప్రమాణ దేహం తయారుచేస్తారు. వెయ్యిమందిని కొలవాలి కనుక నాలుగేళ్ళు పడుతుంది. గింజని సామగ్రి జాబితా నుంచి మందుల జాబితాకి మారుస్తారు. మరో ఆదేశం వచ్చేదాకా పెట్టడం మాత్రం ఆపరు. దిగిపోయినవాళ్ళకి మెరక చీటీ ఏడాది పొడిగిస్తారు. ఓబుళమ్మ కుటుంబానికి శాశ్వతం.

మరణ కారణం మార్చమని మేడం అడిగింది. పెట్టెలోకి వెళ్ళిన మాట మార్చడానికి వీల్లేదన్నారు. సంతకం లేకపోయినా అది చెల్లుతుందట.

కొలతలు తీసే పనికి మనుషులు కావాలంటే నా పేరిచ్చాను.

రోజు 113

మెరక కాలనీలో మూడో అంతస్తు. ఓబుళమ్మ తల్లి ఈశ్వరమ్మ తలుపు తీసింది. చిన్న మనిషి, చేతులు ఉప్పుకి పగిలి ఉన్నాయి. చిన్న కూతురు బడికి పోయిందట. చాప వేసి కూర్చోమంది. నీళ్ళిచ్చింది.

"మెట్ల మింద జారిందని కాయితం పంపినారమ్మా," అంది. "అది జారే పిల్ల కాదు. ఉప్పుగట్ల మింద పరిగెత్తిన పిల్ల."

"జారలేదమ్మా," అన్నాను.

అంతా చెప్పాను. గింజ, దిమ్మలు, ఒంటికాలి పరీక్ష, నూట నలభయ్యో మెట్టు. చివర్లో నన్ను అమ్మ అనుకున్న సంగతి కూడా. అప్పుడు ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆగాను. చెప్పమని చేత్తో సైగ చేసింది. ఇక మిగిలింది ఒక్కటే. దానికోసమే వచ్చాను.

"కాలు విరక్కముందే నాకు తెలుసమ్మా. కాగితం పైకి పంపుంటే దింపేసేవాళ్ళు, బతికుండేది. పంపొద్దని మీ అమ్మాయి బతిమాలింది. నేను ఒప్పుకున్నాను."

"యాల బతిమాలింది?"

గది చుట్టూ చూశాను. ఆమె కూడా నాతోపాటే చూసింది. గోడలు, కిటికీ, మూలన నీట తడవని బియ్యం బస్తా.

"మా కోసరమా?"

తలూపాను.

ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు నాకు వీపు చూపించి నిలబడింది. తిడుతుందేమో, పొమ్మంటుందేమో అనుకున్నాను. ఏమన్నా పడటానికి సిద్ధపడే వచ్చాను. ఆమె తిరిగి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నాకు సదువు రాదు. నీకొస్తాది. యాడన్నా రాసినావా ఇదంతా?"

"రాశానమ్మా. నా పుస్తకంలో."

"మా కోసరమని గూడా రాయి. నీకు తెల్సని గూడా రాయి. ఏదీ ఇడ్సిపెట్టాకు. రేపు నా సిన్నది అడిగితే, సదివి సెప్పేకి ఉండల్ల."

ఆమె ముందే కూర్చుని రాశాను. రాసింది పైకి చదివాను. ఓబుళమ్మ మెట్ల మీద జారిపడలేదు. చిట్లిందని మా అందరికీ తెలిసిన ఎముక విరిగి పడింది. తన తల్లినీ చెల్లెల్నీ నీళ్ళకి దూరంగా ఉంచడానికి నొప్పి దాచుకుంది. వైద్య హవల్దారు పైడితల్లికి ఆ సంగతి తెలుసు. పైకి పంపలేదు.

ఈశ్వరమ్మ ఇంకోసారి చదవమంది. చదివాను.